మెడ, భుజం పట్టేస్తే ఏ మసాజ్ చేయించుకోవాలి? ఏ రకం దేనికి పనిచేస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి

మగ్గంపని_తణుకు:
అందరికీ నమస్కారం అండీ. మాది తణుకు, బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తాను. శ్రావణమాసం, పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే పొద్దున్నే ఫ్రేమ్ మీదకు వంగితే మళ్ళీ లేచేది రాత్రికే. కుడి భుజం మీద నుంచి మెడ వెనక దాకా బిగుసుకుపోతోంది, పక్కకి చూడాలంటే తల తిరగదు, ఒళ్ళంతా తిప్పాల్సి వస్తోంది. బామ్ రాస్తే ఆ కాసేపే. మా ఊళ్ళో కొత్తగా ఒక స్పా పెట్టారు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారట. బోర్డు మీద స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్, బాలినీస్, హాట్ స్టోన్, అభ్యంగం అని వరసగా రాశారు. ఏది దేనికమ్మా అని అడిగితే కౌంటర్లో అమ్మాయి "అన్నీ రిలాక్సేషన్‌కే మేడమ్" అంది. నాకు కావాల్సింది రిలాక్సేషన్ కాదండీ, రేపు మళ్ళీ సూది పట్టుకోగలగాలి. ఒక్కోటి ఒంటి మీద ఏం చేస్తుందో, ఏది చేయించుకోకూడదో చెప్పండి. ఇంకో సంగతి, మా అత్తగారికి షుగర్. అరికాళ్ళు మంటలంటారు, రోజూ రాత్రి నూనె పెట్టి రుద్దుతుంటాను. అది మంచిదేనా?

రాజ్యలక్ష్మత్త:
ముందు వేడి నువ్వులనూనె పట్టించి, ఇసుక మూట కట్టి కాపడం పెట్టించుకో తల్లీ. మా కాలంలో స్పాలేవి? ఆదివారం తలంటు, ఒంటికి నూనె, నలుగుపిండి, కాగులో వేణ్ణీళ్ళు. ఒళ్ళు నొప్పులన్న మాటే ఉండేది కాదు.

జిమ్_గుంటూరు:
డీప్ టిష్యూ చేయించుకోండి మేడమ్, మిగతావన్నీ పైపైన రుద్దడమే. నొప్పి పుట్టాలి, కళ్ళల్లో నీళ్ళు తిరగాలి, అప్పుడే ముడి విడుతుంది. నేను నెలనెలా చేయించుకుంటా.

ఫిజియో_బెజవాడ:
మేడమ్, ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పండి. చేతి వేళ్ళలో తిమ్మిరి ఉందా? సూది, కత్తెర చేతిలోంచి జారిపోతున్నాయా? నడుస్తుంటే తూలినట్టు ఉంటోందా? రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ వస్తోందా? వీటిలో ఏది ఉన్నా స్పా సంగతి పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. మెడ దగ్గర నరం గానీ వెన్నుపాము గానీ ఒత్తుకుంటే వచ్చే లక్షణాలవి, పైన ఎంత పిసికినా తగ్గవు.

అవేమీ లేవు, ఉత్త బిగుతే అంటే మసాజ్ పనికొస్తుంది. ఎలా పనికొస్తుందన్న దగ్గరే చాలామంది పొరబడుతుంటారు, అందుకని కాస్త వివరంగా చెప్తాను. కండలో ముడి కరిగిపోతుందనీ, చెడు నీరు బయటికి పోతుందనీ అంటారు. జరిగేది అది కాదు. గంటల తరబడి వంగి కూర్చుంటే మెడ నుంచి భుజం మీదకు దిగే పెద్ద కండ (ట్రెపీజియస్ అంటాం), దాని కింద భుజం రెక్క పైమూలను మెడ ఎముకలకు పట్టి ఉంచే ఇంకో సన్నని కండ, ఈ రెండూ పట్టు వదలకుండా ఉండిపోతాయి. నిదానంగా ఒత్తుతున్నప్పుడు చర్మంలో, కండలో ఉన్న నరాల కొసలు మెదడుకు కబురు పంపుతాయి. మెదడు ఆ పట్టు సడలిస్తుంది, నొప్పి తెలియడం తగ్గుతుంది, గుండె వేగం నెమ్మదిస్తుంది, ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే, నేనూ క్లినిక్‌లో రోజూ చేత్తో చేస్తాను. కాకపోతే ఆ సుఖం కొన్ని గంటలో, రెండు మూడు రోజులో. మళ్ళీ అదే ఎత్తు ఫ్రేమ్ ముందు అలాగే కూర్చుంటే మళ్ళీ అదే నొప్పి.

నడుం నొప్పి విషయంలో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన సూచనల్లో కూడా, కొత్తగా వచ్చిన నొప్పికి మాత్రల జోలికి వెళ్ళే ముందు కాపడం, మసాజ్ లాంటివి చూడమనే ఉంది. దీర్ఘకాలం ఉన్న నొప్పికి మాత్రం వ్యాయామాన్నే ముందు పెట్టారు. కాబట్టి రాజ్యలక్ష్మి గారు చెప్పిన కాపడం తీసిపారేసే మాట కాదు. మూట మరీ వేడిగా లేకుండా మోచేతి మీద పెట్టి చూసుకోండి, చాలు.

ఇక మీ బోర్డు సంగతి. స్వీడిష్ అంటే నూనెతో చేసేది. అరచేత్తో గుండె వైపుకు పొడవుగా నిమరడం, కండను పట్టి పిసకడం, బొటనవేలితో గుండ్రంగా రుద్దడం, అరచేతి అంచుతో తట్టడం, వణికించడం, ఇవే దాని ప్రాణం. స్వీడన్‌కు చెందిన పెర్ హెన్రిక్ లింగ్ పేరు మీద చలామణీ అవుతోంది గానీ, ఈ చేతి పనులను ఇలా విడదీసి ఫ్రెంచి పేర్లతో వైద్యుల్లోకి తెచ్చింది 19వ శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న డచ్ డాక్టర్ మెజ్గర్. ఎప్పుడూ చేయించుకోనివాళ్ళు దీనితో మొదలుపెట్టడం మంచిది, మీకు నేను చెప్పేదీ ఇదే. బాలినీస్ కూడా నూనెతోనే, నిమరడం, వేళ్ళతో ఒత్తడం, కాస్త చర్మం మెలిపెట్టి లాగడం కలిపి ఉంటుంది. హాట్ స్టోన్‌లో వేడి రాళ్ళు పెడతారు, అందులో మేలు చేసేది వేడే, అది ఇంట్లో కాపడంతోనూ వస్తుంది. డీప్ టిష్యూ గురించి జిమ్ తమ్ముడితో నాకు పేచీ ఉంది, సాయంత్రం డ్యూటీ అయ్యాక రాస్తాను.

బ్యాంకాక్_బాబాయి:
థాయ్ మసాజ్ గురించి నేను చెప్తా. ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నా. మన దగ్గర థాయ్ అనగానే కొందరు ఏదేదో ఊహించుకుంటారు, అది ఈ విద్యకు చాలా అన్యాయం. అసలైన నువాద్ థాయ్‌లో బట్టలు విప్పరు, నూనె ఉండదు. వదులైన పైజమా, చొక్కా ఇస్తారు, నేల మీద పరుపు వేసి పడుకోబెడతారు. పాదాల దగ్గర మొదలుపెట్టి బొటనవేళ్ళు, అరచేతులు, మోచేతులు, మోకాళ్ళు, ఒక్కోసారి పాదాలతో కూడా ఒత్తుకుంటూ పైకి వస్తారు. ఒంట్లో సెన్ అనే దారులుంటాయని వాళ్ళ నమ్మకం, ఆ దారి వెంటే ఒత్తుతారు. తర్వాత మన కాలు, చేయి పట్టుకుని సాగదీస్తారు, నడుం మెలితిప్పుతారు, మనం ఏమీ చేయకుండానే యోగాసనాలు వేయించినట్టు ఉంటుంది. బ్యాంకాక్‌లో వాట్ ఫో గుడి గోడల మీద ఈ విద్యకు సంబంధించిన బొమ్మలు, రాతలు చెక్కించి పెట్టారు, ఆ గుడిలోనే 1955 నుంచి బడి నడుస్తోంది. 2019లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది.

తుంటి, తొడ వెనక బిగుతు, రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళ నడుం, వీటికి బాగుంటుంది. లెమన్‌గ్రాస్, పసుపు, కర్పూరం, అక్కడి అల్లం జాతి దుంప ఒకటి దంచి మూట కట్టి ఆవిరి పెట్టి ఒత్తడం కూడా ఉంది, అది అడిగి చేయించుకోండి, భుజాలకు హాయిగా ఉంటుంది. ఇక్కడికి వచ్చే మనవాళ్ళు మొహమాటపడి నొప్పి ఓర్చుకుంటారు. "బావ్ బావ్" అనండి, మెల్లగా అని. వాళ్ళేమీ అనుకోరు. మెడ మాత్రం తిప్పనివ్వకండి.

పరుగు_హైదరాబాద్:
@జిమ్_గుంటూరు అన్నా, నొప్పి పుడితేనే పనిచేస్తుందన్నది నేను ఒప్పుకోను. నేను పరుగెత్తేవాడిని, ఆగస్టులో మా హైదరాబాద్ మారథాన్ అయ్యాక టెంట్లలో పిక్కలు పిసికించుకునే గుంపులో ప్రతిసారీ ఉంటా. అక్కడ అందరూ చెప్పే మాట, "లాక్టిక్ యాసిడ్ (గట్టిగా శ్రమపడ్డప్పుడు కండలో తయారయ్యే పదార్థం) పోతుంది" అని. పరుగు ఆపిన గంట, గంటన్నరలో అది దానంతటదే పోతుంది, రేపటి నొప్పికి దానికి సంబంధం లేదు. 2010లో కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ వాళ్ళు కొలిచి చూస్తే, గట్టిగా ఒత్తినప్పుడు కండలోకి రక్తం రావడం తగ్గి లాక్టిక్ యాసిడ్ బయటికి పోవడం ఇంకా ఆలస్యమైందని తేలింది. మరి హాయిగా ఎందుకుంటుంది? 2012లో అదే దేశంలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో 11 మంది కుర్రాళ్ళ చేత బాగా సైకిల్ తొక్కించి, ఒక కాలికి 10 నిమిషాలు మసాజ్ చేసి రెండో కాలిని వదిలేసి, రెండు తొడల్లోంచీ చిన్న ముక్క తీసి పరీక్షించారు. లాక్టిక్ యాసిడ్‌లో తేడా లేదు. మసాజ్ చేసిన కాలిలో వాపును పెంచే సంకేతాలు తగ్గాయి, కొత్త మైటోకాండ్రియా (కణాలకు శక్తినిచ్చే భాగాలు) తయారవడానికి కావలసిన సంకేతాలు పెరిగాయి. 10 నిమిషాల మామూలు మసాజ్ అది, కన్నీళ్ళు తెప్పించేది కాదు.

జిమ్_గుంటూరు:
బ్రో, అది చిన్న స్టడీ. నాకు నొప్పి మసాజ్ తర్వాతే స్క్వాట్ లోతుగా వెళ్తుంది.

ఫిజియో_బెజవాడ:
తమ్ముడూ, చిన్న స్టడీయే, కాదనను. నీ స్క్వాట్ ఆ రోజు లోతుగా వెళ్తుందన్నది కూడా నిజమే, గట్టిగా ఒత్తాక కాసేపు సాగడం పెరుగుతుంది. పేచీ ఎక్కడంటే, నొప్పిని కొలబద్దగా పెట్టుకోవడం దగ్గర. డీప్ టిష్యూ అంటే గట్టిగా కుమ్మడం కాదు. నూనె తక్కువ రాసి, మోచేతితోనో వేలి కణుపులతోనో కండ అడ్డంగా చాలా నిదానంగా, ఒకే చోట ఆగి ఆగి ఒత్తుకుంటూ వెళ్ళడం. కింద ఉన్నవాళ్ళు ఊపిరి బిగబడుతున్నారంటే ఒత్తిడి ఎక్కువైందని అర్థం, ఎందుకంటే ఊపిరి బిగబట్టినవాళ్ళ కండ ఎదురు తిరిగి ఇంకా బిగుస్తుంది, చేసిన పనికి ఫలితం ఉండదు. నొప్పి పదికి ఐదారు దాటకూడదు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కాస్త ఒళ్ళు నొప్పి సహజం. ఒళ్ళు నీలంగా కమిలిందంటే మాత్రం అది వైద్యం కాదు, దెబ్బ.

ఇంకొకటి అందరూ గుర్తుపెట్టుకోండి. మరీ గట్టిగా, ఎక్కువసేపు కుమ్మించుకున్నాక మర్నాడు ఒళ్ళంతా వాచినట్టుండి మూత్రం కోలా రంగులో వస్తే ఇంట్లో ఉండకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. నలిగిన కండలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అరుదు, కానీ వైద్య పత్రికల్లో ఇలాంటి కేసులు ఉన్నాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళు డీప్ టిష్యూ జోలికే పోవద్దు.

ఆయుర్వేద_ఫైనలియర్:
అభ్యంగం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను. అభ్యంగం అంటే ఒంటికి నూనె మర్దన. వాగ్భటుడు అష్టాంగహృదయం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో రోజువారీ పనుల్లోనే దీన్ని చేర్చాడు, ఎప్పుడో పండక్కి చేసుకునేది కాదు. అలసట, ముసలితనం, వాతం తగ్గుతాయి, చూపు, నిద్ర బాగుంటాయి, చర్మం బాగుంటుంది, ఒళ్ళు గట్టిపడుతుంది అంటాడు. రోజూ ఒళ్ళంతా కుదరకపోతే తల, చెవులు, పాదాలకు తప్పకుండా రాయమన్నాడు. అదే చోట వద్దన్నవాళ్ళ జాబితా కూడా ఇచ్చాడు: కఫం పెరిగినవాళ్ళు, అప్పుడే శోధన చికిత్స (వాంతి, విరేచనాలతో ఒంటిని శుభ్రం చేసేది) అయినవాళ్ళు, అజీర్ణంతో ఉన్నవాళ్ళు. మా ప్రొఫెసర్లు జ్వరం ఉన్నప్పుడు కూడా వద్దంటారు. కాబట్టి భోజనం చేసి వెంటనే పడుకుని మసాజ్ చేయించుకోవడం ఏ లెక్కన చూసినా తప్పే.

రాజ్యలక్ష్మి గారు అన్న నలుగు కూడా శాస్త్రంలో ఉన్నదే, ఉద్వర్తనం అంటారు. నూనె మర్దన వాతానికి, పొడి నలుగు కఫానికి, కొవ్వుకు అని వేరు చేశారు. దీనితో బరువు తగ్గిపోతారని ప్రచారం చేసే సెంటర్లను నమ్మకండి, చర్మం మీది జిడ్డు, మృతకణాలు పోయి ఒళ్ళు తేలికగా అనిపిస్తుంది, కాటా మీద అంకె మారదు.

మగ్గంపని గారూ, మెడ భుజాలకు కొట్టంచుక్కాది తైలం గానీ మహానారాయణ తైలం గానీ గోరువెచ్చగా చేసి రాసుకోవచ్చు. పొయ్యి మీద నేరుగా కాచకండి, వేణ్ణీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి వెచ్చబెట్టండి. రాసి అరగంట ఉంచి వేణ్ణీళ్ళ స్నానం.

కొచ్చి_తెలుగమ్మాయి:
కేరళ సంగతులు నా వంతు. ఇక్కడ అభ్యంగం చేసేప్పుడు ద్రోణి అనే చెక్క బల్ల మీద పడుకోబెట్టి ఇద్దరు చెరో పక్కన నిలబడి ఒకే లయలో చేతులు కదుపుతారు. కుడి పక్క చేయి భుజం నుంచి దిగుతుంటే ఎడమ పక్క చేయి కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆ లయకే సగం మంది నిద్రపోతారు. పిళిచ్చిల్ అంటే గోరువెచ్చని తైలంలో గుడ్డ ముంచి ఒంటి మీద ధారగా పిండుతూ రుద్దడం. కిళి అంటే మూట. ఆకుల మూట వేరు, పొడుల మూట వేరు, ఞవర బియ్యం పాలల్లో, కషాయంలో ఉడికించి కట్టే మూట వేరు. ఆ చివరిది పక్షవాతం తర్వాత చిక్కిపోయిన కండలకు, బలహీనంగా ఉన్న పిల్లలకు ఇక్కడి వైద్యులు చేయిస్తారు. చవిట్టి ఉళిచ్చిల్ అని ఇంకోటుంది, కలరి అనే కేరళ యుద్ధవిద్య నుంచి వచ్చింది, పైన కట్టిన తాడు పట్టుకుని గురువు పాదంతో మర్దన చేస్తాడు. అది కలరి నేర్చుకునేవాళ్ళకూ నాట్యం చేసేవాళ్ళకూ ఒంటి సాగుదల కోసం, టూరిస్టులు సరదాగా చేయించుకునేది కాదు.

ఇక్కడ కర్కిటక మాసంలో, అంటే జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా, వానల్లో ఈ చికిత్సలు చేయించుకోవడం ఆనవాయితీ. నిజమైన చోటుకు వెళ్తే ముందు వైద్యుడు నాడి, బీపీ చూసి, ఏ మందులు వాడుతున్నారో అడిగి, చీటీ రాస్తాడు. ఎవరూ ఏమీ అడగకుండా నేరుగా బల్ల ఎక్కిస్తున్నారంటే అది వైద్యశాల కాదు.

కప్పింగ్_డౌట్:
ఒక ప్రశ్న అండీ. వీపు మీద కప్పులు పెట్టి గుండ్రటి మచ్చలు వచ్చేలా చేస్తారు కదా, 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒంటి మీద చూశాం. అదీ మసాజేనా?

ఫిజియో_బెజవాడ:
ఒక రకంగా తిరగేసిన మసాజ్. చేత్తో లోపలికి ఒత్తే బదులు గాలి తీసి చర్మాన్ని పైకి లాగుతారు. ఆ మచ్చలు చెడు రక్తం కాదు, చర్మం కింద సన్నని నాళాలు చిట్లి వచ్చిన కమిలిన గాయాలే, కొన్ని రోజుల్లో పోతాయి. కొందరికి నొప్పి ఉపశమనం ఉంటుంది. చర్మం కోసి రక్తం తీసే పద్ధతికి మాత్రం శుభ్రత నమ్మకం లేనిచోట వెళ్ళకండి.

కటింగ్‌షాప్_కరీంనగర్:
అన్నలూ అక్కలూ, నాది సెలూన్. మా నాయిన కాలం నుంచి ఇదే పని. కటింగ్ అయినాక తల మీద నూనె పెట్టి, రెండు చేతులు జోడించి వేళ్ళు వదులుగా పట్టి నెత్తి మీద తట్టేది మా నాయిన, ఆ చప్పుడుకే గిరాకీ వచ్చేది. కణతల దగ్గర బొటనవేళ్ళతో గుండ్రంగా, తర్వాత మెడ వెనక పుర్రె కింద రెండు గుంటల్లో ఒత్తి పట్టుకోవడం, అక్కడ ఒత్తితే పనితో వచ్చిన తలనొప్పి నిజంగానే దిగుతుంది. ఇందులో మాకు విద్య ఉంది, దాన్ని తక్కువ చేసి చూడొద్దని నా మనవి.

కానీ చివర్లో గడ్డం పట్టుకుని మెడ ఠప్పుమనిపించే పని నా షాపులో బంద్ చేయించిన. గిరాకీ అడుగుతరు, గొడవ కూడా చేస్తరు, అయినా చేయం. మా సంఘం మీటింగ్‌లో ఒక డాక్టర్ బొమ్మ గీసి చూపించిండు. మెడ ఎముకల్లో ఉన్న రంధ్రాల గుండా రెండు రక్తనాళాలు మెదడుకు పోతయట, ఒక్కసారి గట్టిగా మెలితిప్పితే లోపలి పొర చిరిగి గడ్డ కట్టి పక్షవాతం రావచ్చట. అది చూసినంక చెయ్యి రాదు. కుర్రాళ్ళు కొత్తగా పనిలో చేరితే ముందు ఇదే చెప్తున్న.

వార్డు_నర్స్_అక్క:
కరీంనగర్ తమ్ముడికి చేతులెత్తి నమస్కారం. ఆ డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మెలితిప్పడమే కాదు, తల వెనక్కి ఎక్కువసేపు వాల్చినా ప్రమాదమే. 2022లో మన హైదరాబాద్‌లోనే పార్లర్‌లో తల కడిగించుకుంటూ బేసిన్ అంచు మీద మెడ వాల్చిన 50 ఏళ్ళ ఆవిడకి తల తిరగడం, వాంతులు మొదలై, మర్నాడు నడకలో తూలు వచ్చి, చివరికి స్ట్రోక్ అని తేలింది. 1993లోనే అమెరికాలో ఒక న్యూరాలజిస్టు దీనికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అని పేరు పెట్టారు. మెడ మసాజ్ తర్వాత తల తిరుగుడు, మాట తడబాటు, ఒక వస్తువు రెండుగా కనబడటం, మూతి వంకర, ఏది వచ్చినా గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి రావాలి.

రెండోది కాళ్ళ సంగతి. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే రుద్దకండి. ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత, కట్టు విప్పిన తర్వాత, కాన్పు తర్వాత, దూర ప్రయాణం తర్వాత. సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. 2016లో ఢిల్లీలో బ్యాడ్మింటన్ ఆడుతూ చీలమండ విరిగిన కుర్రాడికి కట్టు తీశాక కాలు వాచి నొప్పెడుతుంటే వాళ్ళమ్మ ప్రేమగా నూనె రాసి రుద్దింది. కాలిలోని గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి పిల్లాడు పోయాడు. ఆ తల్లిదేం తప్పు లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే నేను డిశ్చార్జ్ అయ్యే ప్రతి ఇంటివాళ్ళకీ నోరు నొప్పెట్టేలా చెప్తాను: రెండు కాళ్ళూ సమానంగా అలిసిపోయి పీకితే రుద్దండి, ఒకటే వాస్తే స్కాన్ చేయించండి.

చిన్ని_వాళ్ళమ్మ:
అక్కా, పసిపిల్లల మర్దన గురించి కూడా చెప్పండి ప్లీజ్. మా పాపకి రెండో నెల. నీళ్ళు పోసే ఆవిడ కాళ్ళు చాపుకుని పాపను కాళ్ళ మీద బోర్లా వేసుకుని బాగా చేస్తుంది, పాప తర్వాత చక్కగా నిద్రపోతుంది. కానీ ముక్కు లాగడం, చెవుల్లో నూనె, రొమ్ములు పిండటం చూస్తే నాకు భయం. అమ్మ ఏమో, "నిన్నూ అలాగే పెంచాం" అంటుంది.

వార్డు_నర్స్_అక్క:
మీ భయం సరైనదే చెల్లెమ్మా. మర్దన వద్దనకండి, ఆ మూడూ వద్దనండి. ముక్కులో, చెవిలో, నోట్లో నూనె చుక్క కూడా వెయ్యకూడదు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే నిమోనియా మామూలుది కాదు. పుట్టిన పిల్లల రొమ్ములు ఉబ్బి పాలలాగా రావడం తల్లి హార్మోన్ల వల్ల, దానంతటదే తగ్గుతుంది, పిండితే చీము పడుతుంది. ఆడపిల్ల, మగపిల్లాడు ఎవరికైనా అంతే. ముక్కు లాగితే కోటేరు ముక్కు రాదు, తల ఒత్తితే గుండ్రమవదు, నడినెత్తిన మెత్తని చోటును అసలు ఒత్తకూడదు. సాంబ్రాణి పొగ పాప ఉన్న గదిలో వద్దు.

మిగతాదంతా బంగారం. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే ఆవిడ నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున 10 రోజులు ఒంటిని నిమిరి, కాళ్ళూ చేతులూ ఆడించి చూశారు. అలా చేసిన పిల్లలు మిగతావాళ్ళకంటే 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు, 6 రోజులు ముందే ఇళ్ళకు వెళ్ళారు. మా ఆసుపత్రిలో కూడా బరువు తక్కువ పిల్లల తల్లులకు నేర్పిస్తాం. కొబ్బరినూనె చాలు, ఆముదం మరీ చిక్కన, చర్మం మీద రుద్దుతూ లాగాల్సి వస్తుంది. పాలు తాగిన వెంటనే కాకుండా కాస్త ఆగి, గాలి తగలని చోట. సున్నిపిండి ఇప్పుడే వద్దు, ఆ చర్మానికి గరుకు. మీ నీళ్ళు పోసే ఆవిడ చేతికి మంచి లయ ఉన్నట్టుంది, ఆమెను మార్చకండి, ఈ నాలుగు మాటలు కూర్చోబెట్టి చెప్పండి.

భీమవరం_కొడుకు:
అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, చంకలో గ్రంథులు కూడా తీశారు. ఇప్పుడు ఆ పక్క చేయి వాస్తోంది. ఎవరో లింఫ్ మసాజ్ అన్నారు. గట్టిగా చేయాలా?

ఫిజియో_బెజవాడ:
అస్సలు గట్టిగా కాదండీ. మసాజుల్లోకెల్లా తేలికైనది అదే. 1930లలో ఎమిల్ వోడర్ అనే డేనిష్ ఆయన, ఆయన భార్య కలిసి రూపొందించిన పద్ధతి. చర్మం కిందే ఒంట్లోని అదనపు నీటిని తీసుకెళ్ళే సన్నని లింఫ్ నాళాలు ఉంటాయి, గట్టిగా ఒత్తితే అవి మూసుకుపోతాయి. చర్మం కొద్దిగా జరిగేంత ఒత్తిడితో, ముందు మెడ దగ్గర, ఛాతీ మీద దారి చేసి, తర్వాత భుజం, ఆఖర్న చేయి, అలా పైనుంచి కిందకు విడతలుగా చేస్తూ నీరు పైకి నడిపిస్తారు. నూనె అక్కర్లేదు. అయ్యాక చేతికి ప్రత్యేకమైన బ్యాండేజీ కట్టాలి, లేదంటే నీరు మళ్ళీ దిగుతుంది. శిక్షణ ఉన్న ఫిజియో దగ్గర అమ్మగారికి చేయించి మీరు పక్కన ఉండి నేర్చుకోండి, తర్వాత ఇంట్లోనే రోజూ చేయొచ్చు. ఆ చేతికి సూదులు, బీపీ పట్టీ వేయించకుండా చూసుకోవాలా అని మీ డాక్టర్ని అడగండి. చేయి ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజు ముట్టుకోవద్దు, ఇన్ఫెక్షన్ తగ్గాకే. గుండె బలహీనంగా ఉంటే కూడా డాక్టరుకు చెప్పే చేయించాలి.

మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఉన్నవాళ్ళకీ ఇదే జాగ్రత్త. బోదకాలుకు మసాజ్ కంటే రోజూ సబ్బుతో కడిగి వేళ్ళ సందులు తడి లేకుండా తుడవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం ఎక్కువ మేలు చేస్తాయి.

మగ్గంపని_తణుకు:
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థ్యాంక్స్ అండీ. వేళ్ళలో తిమ్మిరి లేదు, సూది జారడం లేదు, పొద్దున లేచాక బానే ఉంటుంది, మధ్యాహ్నం నుంచే మొదలు. స్పాలో స్వీడిష్ చేయించుకుంటాను, మెడ తిప్పొద్దని ముందే చెప్తాను. ఫ్రేమ్ ఎత్తు గురించి అన్నారు కదా ఫిజియో గారూ, నేను కింద కూర్చునే చేస్తాను, స్టాండు పొట్టిది.

ఫిజియో_బెజవాడ:
అదే అసలు విషయం మేడమ్. స్టాండు కాళ్ళ కింద ఇటుకలో చెక్కలో పెట్టి ఎత్తు పెంచండి. భుజాలు వదిలేసి మోచేతులు మడిచినప్పుడు చేతులు ఎక్కడికి వస్తాయో గుడ్డ అక్కడ ఉండాలి. కుదిరితే స్టూలు మీద కూర్చోండి. ఒక పువ్వు పూర్తయినప్పుడల్లా సూది గుడ్డలో గుచ్చి వదిలేసి, తల ఎత్తి, గడ్డం వెనక్కి లాగి కాసేపు ఉంచండి, రెండు భుజం రెక్కలూ వెనక దగ్గరకు నొక్కి వదలండి. పదేసి సార్లు చాలు. గుమ్మానికి రెండు పక్కలా ముంజేతులు ఆనించి ఛాతీ ముందుకు తోస్తే ముందు కండలు సాగుతాయి, వంగి పనిచేసేవాళ్ళకు అవే కుంచించుకుపోయేది. గోడకి, భుజం రెక్కకి మధ్య టెన్నిస్ బంతి పెట్టుకుని మెల్లగా జరిగితే మీకు మీరే మసాజ్ చేసుకున్నట్టే, వెన్నెముక మీద మాత్రం రానివ్వకండి. రెండు మూడు వారాలు చూసి తగ్గకపోతే దగ్గర్లోని ఫిజియోకు చూపించండి.

వార్డు_నర్స్_అక్క:
అత్తగారి కాళ్ళ సంగతి మిగిలిపోయింది. రుద్దండి, ఆపకండి, పెద్దావిడకి మీ చేయి తగలడమే సగం హాయి. కాకపోతే షుగర్ వల్ల అరికాళ్ళకి స్పర్శ తగ్గి ఉండొచ్చు, నొప్పి పుట్టినా ఆవిడకి తెలియకపోవచ్చు, కాబట్టి ఒత్తిడి ఎంతో మీరే చూసుకోవాలి. ముందు వెలుతురులో రెండు పాదాలూ తిప్పి చూడండి, పుండు, పగులు, ఎర్రటి మచ్చ, బొబ్బ ఏమైనా ఉంటే ఆ రోజు రుద్దడం మాని డాక్టరుకు చూపించండి. అరికాలికీ మడమకీ నూనె రాయండి, వేళ్ళ సందుల్లో వద్దు, అక్కడ తడి నిలిచి ఫంగస్ పడుతుంది. వేడి కాపడం, వేణ్ణీళ్ళ టబ్బు, ఆ స్పాలోని వేడి రాళ్ళు ఆవిడ కాళ్ళకి ఎప్పుడూ వద్దు, కాలినా తెలియదు. మంటలు ఎక్కువైతే అది నరాల మీద షుగర్ ప్రభావం, దానికి మందులున్నాయి, ఈసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు పాదాలు పరీక్ష చేయమని అడగండి. చాలామంది చెప్పులు కూడా విప్పించకుండానే పంపించేస్తారు, మీరే అడగాలి.